71 ఎక్కి, దిగి వచ్చాను

వియన్నాలో ఎవరైనా పోతే “71 ఎక్కాడు” అంటారు. ఊరి నడిబొడ్డు నుంచి సెంట్రల్ శ్మశానవాటికకు పోయే ట్రామ్ నంబరు అది. మనవాళ్లు “టికెట్ తీసుకున్నాడు” అన్నట్టే, కాకపోతే వీళ్లు బండి నంబరు కూడా చెబుతారు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆ ట్రామ్ రెండుసార్లు ఎక్కి దిగాను.

అక్టోబరు ఆఖరి వారం. మా వారికి అక్కడ ఐదు రోజుల సమావేశాలు. పొద్దున్నే మెళ్లో బ్యాడ్జీ తగిలించుకుని వెళ్తే మళ్లీ సాయంత్రం ఆరుకే రావడం. పదేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు షోన్‌బ్రున్ రాజభవనంలో 40 గదులూ వరసపెట్టి తిరిగాం. బయటికొచ్చాక నాకు ఒక్క గది గుర్తుంటే ఒట్టు. గుర్తున్నదల్లా కాళ్లనొప్పి. అందుకే ఈసారి రాజుల జోలికి వెళ్లకూడదనుకున్నాను. వారం రోజుల ట్రామ్ పాసు కొనుక్కున్నాను. శివార్లూ, సమాధుల తోటలూ తిరుగుతానంటే మా వారు కళ్లజోడు తీసి తుడుచుకుని, “సరే, చీకటి పడేలోపు వచ్చెయ్యి” అన్నారు.

మొదటి రోజు: సెయింట్ మార్క్స్

71 ట్రామ్ ష్వార్జెన్‌బర్గ్ ప్లాట్జ్‌లో ఎక్కితే కాసేపట్లోనే ఊరి సోకు తగ్గిపోతుంది. సెయింట్ మార్క్స్‌లో దిగి, పెద్ద ఫ్లైఓవర్ కింద నుంచి నడిచి వెళ్లాలి. ఇటుకల ప్రహరీ, చిన్న గేటు. లోపల అడుగుపెడితే చెట్లు ఊరిని దాచేస్తాయి గానీ, పైన హైవే రొద మాత్రం పోదు. కాసేపటికి అది దూరాన కాలువ పారుతున్న చప్పుడులా అనిపించి అలవాటైపోయింది.

1784లో మొదలై 1874లో మూతబడిన శ్మశానం ఇది. ఆ 90 ఏళ్ల వియన్నా మధ్యతరగతి మొత్తం ఇక్కడే ఉంది. నాకు జర్మన్ రాదు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని రాళ్లు చదువుకుంటూ పోయాను. పేరు కింద వృత్తి చెక్కించడం వాళ్ల ఆచారం. కసాయి, వెండిపని చేసేవాడు, సర్కారు లెక్కల గుమాస్తా. ఒకావిడ రాతి మీద “ఇంటి యజమాని భార్య” అని ఉంది. రెండుసార్లు చదివాను. చచ్చిపోయాక కూడా సొంతిల్లు ఉందని చెప్పుకోవాలన్న తపన చూసి నవ్వొచ్చింది. ఆ వెంటనే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో ఆవిణ్ణి జీవితాంతం “కరణంగారి భార్య” అనే పిలిచారు. అసలు పేరు నాకు ఆవిడ పోయాక రేషన్ కార్డులో చూస్తే తెలిసింది.

కుట్టుమిషను కోసం జీవితమంతా ధారపోసిన యోసెఫ్ మాడర్‌స్పెర్గర్ కూడా ఈ తోటలోనే ఉన్నాడు. దర్జీ. 1850లో ఇక్కడికి దగ్గర్లోనే బీదల ఆశ్రమంలో పోయాడు. ఆయన మిషను వల్ల ఆయనకు మిగిలింది ఏమీ లేదు.

అందరూ వచ్చేది మాత్రం మొజార్ట్ కోసం. ఆయన 1791 డిసెంబరు 5న పోతే ఇక్కడే ఎక్కడో పూడ్చారు. “ఎక్కడో” అని ఊరికే అనలేదు. నిజంగానే చోటు తెలియదు. బీదరికంతో దిక్కులేని చావు చచ్చాడని మనం విన్న కథ అబద్ధం. ఆ రోజుల్లో మామూలు జనానికి జరిగే ఖననమే ఆయనకూ జరిగింది. రెండో జోసెఫ్ చక్రవర్తి శ్మశానాలన్నీ ఊరి బయటికి పొమ్మన్నాడు, ఆడంబరాలు వద్దన్నాడు. మామూలు గుంటలకు రాయి ఉండేది కాదు, కొన్నేళ్లకు అదే గుంట ఇంకొకరికి ఇచ్చేవారు. ఆ చక్రవర్తి పొదుపు ఎంతదాకా పోయిందంటే, 1784లో అడుగున తలుపున్న శవపేటిక ఒకటి తెప్పించాడు. మీట లాగితే శవం గుంటలో పడుతుంది, పెట్టె మళ్లీ వాడుకోవచ్చు. కలపా ఆదా, కాలమూ ఆదా. జనం గోల గోల చేస్తే ఏడాది తిరక్కుండానే ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు.

చోటు ఇదేనేమో అని 1855లో ఒక ఊహ చేసి, నాలుగేళ్లకు అక్కడ మంచి స్మారకం కట్టారు. 1891లో నూరేళ్లు నిండాయని దాన్ని కాస్తా ఊడబెరికి సెంట్రల్ శ్మశానవాటికకు తీసుకుపోయారు. ఖాళీ అయిన చోట ఈ తోట కాపలాదారు, పాత సమాధుల్లోంచి పనికిరాక పడేసిన ముక్కలు ఏరుకొచ్చి, విరిగిన స్తంభం ఒకటి నిలబెట్టి, దానికి ఆనుకుని ఒక దేవదూతను పెట్టాడు. ఇప్పుడు మనం చూసేది అదే. ఆ చిన్న దేవదూత చెయ్యి తలకు ఆనించుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర ఎవరో పెట్టిన సంగీతం కాగితం వానకు తడిసి, స్వరాలన్నీ నీలంగా కారిపోయి ఉన్నాయి.

రాత్రి రాజమండ్రి నుంచి అత్తయ్యగారి వీడియో కాల్.

“ఏం చూశావే ఇవాళ?”

చెప్పాను.

“శ్మశానమా? కార్తీకమాసం పూట? తలస్నానం చేశావా?”

“చేశానండి” అన్నాను. చెయ్యలేదు. ఫోన్ పెట్టాక ఎందుకో మనసొప్పక వెళ్లి చేశాను. ఆ చలిలో జుట్టు ఆరడానికి రాత్రి పదకొండయింది.

రెండో రోజు: ముప్పై లక్షల మంది ఊరు

సెంట్రల్ శ్మశానవాటికకు ముఖద్వారం రెండో గేటు. నేను ట్రామ్‌లో పక్కావిడ లేచిందని లేచి, మొదటి గేటు దగ్గరే దిగిపోయాను. ఆవిడ పూలకొట్టు వైపు వెళ్లిపోయింది. నేను ఎదురుగా కనబడ్డ గేట్లోకి వెళ్లిపోయాను.

లోపల ఒక్క పువ్వు లేదు. ఒక్క దీపం లేదు. ఐవీ తీగ రాళ్లను నిలువునా కమ్మేసింది. పెద్ద పెద్ద నల్లరాతి సమాధులు, బంగారు అక్షరాలవి, ఒకదాని మీదకి ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. మధ్యలో చెట్లు మొలిచి పలకల్ని చీల్చేశాయి. ఇదేమిటి, ఇంత పేరున్న చోటు ఇలా వదిలేశారేమిటి అనుకున్నాను. తర్వాత పలక చదివితే తెలిసింది, ఇది పాత యూదుల భాగం. 1879 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా ఇక్కడ ఖననాలు జరిగాయి. 1938 నవంబరులో ఇక్కడి ప్రార్థనా మందిరాన్ని నాజీలు ధ్వంసం చేశారు. ఆ తర్వాత ఆస్ట్రియా యూదుల్లో సుమారు 65,000 మందిని చంపేశారు. దాదాపు అందులో రెండింతల మంది దేశం వదిలి పారిపోయారు. పూలు పెట్టడానికి ఎవరు మిగిలారు? ఇక్కడ పడుకున్నవాళ్లు అదృష్టవంతులే, ముందే పోయారు. దీపం పెట్టాల్సిన వాళ్లకే సమాధులు లేవు.

ఒక సందు మలుపులో లేడి ఒకటి నిలబడి ఉంది. నన్ను చూసింది. నేనూ కదల్లేదు. తాపీగా ఒక వ్యాపారిగారి రాతి మీది ఐవీ ఆకు కొరుక్కుని, తాపీగానే వెళ్లిపోయింది. తప్పు గేటులో దిగినందుకు ఆ తర్వాత నన్ను నేను తిట్టుకోలేదు.

రెండో గేటు అసలు వైభవం. రెండున్నర చదరపు కిలోమీటర్ల స్థలం, దాదాపు 3,30,000 సమాధులు, ముప్పై లక్షల మంది. బతికున్న వియన్నా ఇరవై లక్షల చిల్లర. లోపల తిరగడానికి 106 నంబరు సిటీబస్సు ఉంది, స్టాపులతో సహా! “జూరిచ్‌లో సగమే, కానీ సరదా రెండింతలు” అని వియన్నావాళ్లు ఈ శ్మశానం గురించి జోకేసుకుంటారు.

1874లో తెరిచిన కొత్తలో దీనికి జనం రామన్నారు. ఊరికి మరీ దూరం, చెట్టూ చేమా లేదు, చలికాలం గుర్రబ్బండ్లు మంచులో కూరుకుపోయేవి. శవపేటికల్ని భూమి కింద గొట్టంలో గాలి ఒత్తిడితో తోసేద్దామని ఒక ఇంజినీరూ ఒక ఆర్కిటెక్టూ కలిసి ప్లాను గీసిచ్చారు కూడా. ఫిజిక్సు చెప్పుకు బతికినదాన్ని గనక ఆ లెక్క ఎలా వేసి ఉంటారా అని చాలాసేపు ఆలోచించాను. మధ్యలో ఇరుక్కుంటే? ఎవరు దిగి లాగుతారు? ఆ ప్లాను కాగితం దాటలేదు. తర్వాత ట్రామ్‌లోనే శవాలు తెచ్చిన రోజులు వచ్చాయి, “71 ఎక్కడం” అన్న మాటకు అర్థం అది. జనాన్ని రప్పించడానికి నగరపాలకులు ఇంకో ఉపాయం పన్నారు. పేరున్నవాళ్లను తెచ్చి ఇక్కడ పెట్టారు. గుడి కట్టాక దేవుణ్ణి తెచ్చి ప్రతిష్ఠించినట్టు, 1888లో సంగీతకారులు బీతోవెన్‌నీ షూబెర్ట్‌నీ పాత శ్మశానంలోంచి తవ్వి తెచ్చి ప్రతిష్ఠించారు.

32ఏ విభాగం అదే. బీతోవెన్ తెల్లటి శిఖరం, పక్కన షూబెర్ట్, బ్రామ్స్, యోహాన్ స్ట్రాస్, మధ్యలో నిన్న చెప్పిన మొజార్ట్ స్మారకం. దాని కింద మొజార్ట్ లేడు. టూరు గ్రూపులు వచ్చి ఫోటోలు దిగి వెళ్తున్నాయి. ఒకాయన మొజార్ట్ రాయికి చెయ్యి తాకించి కళ్లకు అద్దుకున్నాడు, ఏ దేశమో మరి. చెప్పాలనిపించింది. ఎందుకులే అని ఊరుకున్నాను.

నేను వెళ్లాల్సిన చోటు వేరే. డిగ్రీ కాలేజీలో 26 ఏళ్లు థర్మోడైనమిక్సు చెప్పాను. ప్రతి ఏడూ ఒక రోజు బోర్డు మీద చిన్న సూత్రం రాసి, “ఇది ఒకాయన సమాధి మీద చెక్కారు” అంటే పిల్లలు అప్పటిదాకా నిద్రపోతున్నవాళ్లు కూడా తలెత్తేవారు. లుడ్విగ్ బోల్ట్జ్‌మన్. తెల్లరాతి విగ్రహం, దట్టమైన గడ్డం, తల మీద ఆ సూత్రం: ఎస్ = కె లాగ్ డబ్ల్యు. ఒక స్థితి ఎన్ని రకాలుగా ఏర్పడగలదో దాన్నిబట్టి దాని ఎంట్రోపీ, అంటే చెదురుతనం, ఉంటుందని అర్థం. పేకముక్కలు వరసలో ఉండే దారులు తక్కువ, చెదిరి ఉండే దారులు కోకొల్లలు, అందుకే కలిపిన పేక మళ్లీ తనంతట తాను సర్దుకోదు. ఆ సూత్రాన్ని ఆ రూపంలో రాసింది నిజానికి ప్లాంక్ అనే ఇంకో భౌతికశాస్త్రవేత్త, బోల్ట్జ్‌మన్ కాదు. ఈ మాట క్లాసులో చెప్పడం నేను రెండేళ్లు మర్చిపోయాను. ఆయన అణువులున్నాయని జీవితమంతా వాదించాడు. ఇదే ఊళ్లో పెద్ద పెద్దవాళ్లు నమ్మలేదు. 1906లో ఉరేసుకున్నాడు.

ఎదుట నిలబడితే ఏం చెయ్యాలో తోచలేదు. నమస్కారం పెట్టాను. హ్యాండ్‌బ్యాగులో చాక్‌పీసు ఉంటే బాగుండుననిపించింది. రిటైరైన కొత్తలో నిజంగానే ఉండేది.

వియన్నాలో సమాధి అంటే అద్దె కొంప. పదేళ్లకోసారి డబ్బు కట్టి పొడిగించుకోవాలి. కట్టేవాళ్లు లేకపోతే చోటు ఇంకొకరికి పోతుంది. నగరం తరఫున గౌరవంగా ఇచ్చిన సమాధులకే ఆ బాధ లేదు. హెడీ లమార్‌ది అలాంటిదే. వియన్నాలో పుట్టి హాలీవుడ్ తార అయిన మనిషి. 1942లో ఇంకొకరితో కలిసి రేడియో తరంగం ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ పోయే పద్ధతికి పేటెంటు తీసుకుంది. ఆవిడ సమాధి మీద సన్నటి కడ్డీలూ వాటికి గుచ్చిన గుండ్లూ ఉన్నాయి. పక్క నుంచి చూస్తే ఏమీ కనబడదు. సరిగ్గా ఎదుట ఒక్క చోట నిలబడితే ముఖం తేలుతుంది. ఒక అడుగు జరిగితే చెరిగిపోతుంది. నేను ఒక పది నిమిషాలు అటూ ఇటూ జరుగుతూ ఉంటే, అక్కడ ఆకులు ఊడుస్తున్న అబ్బాయి చీపురు ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

ఇక్కడి ఎలుక జాతి హామ్‌స్టర్లు సమాధుల మీది కొవ్వొత్తుల మైనం తినేస్తాయట. చూడాలని ఎంతో ఆశపడ్డాను. అప్పటికే చలికాలపు నిద్రకు బొరియల్లోకి దూరిపోయాయి కాబోలు, ఉడతలే కనబడ్డాయి.

లోపలే ఖనన మ్యూజియం ఉంది. చక్రవర్తిగారి అడుగుతలుపు పెట్టె, బతికుండగానే పూడ్చేస్తారేమోనని భయపడేవాళ్ల కోసం శవం చేతికి తాడు కట్టి పైన మోగేలా పెట్టే గంట. ఇంకా భయస్తులకు ఒక సన్నటి కత్తి. చచ్చారని డాక్టరు నిర్ధారించాక కూడా గుండెలో ఒక పోటు పొడిచి పంపమని వీలునామాలు రాసేవారట. మ్యూజియం కొట్లో టీషర్టులూ, బొమ్మ శవవాహనాలూ, ఈ శ్మశానంలోని తేనెపట్టుల తేనె అమ్ముతున్నారు. చిన్న సీసా ఒకటి కొన్నాను. బయట గేటు ఎదురుగా సాసేజీల బండి పేరు చదివి ఫోన్‌ని అడిగితే, “ఎలాగూ ఏదైనా ఒకటే” అని చెప్పింది. సాసేజీకీ, “ఏదైతేనేం”కీ వాళ్ల మాట ఒక్కటేనట.

తలస్నానం. ఈసారి అడక్కముందే.

మూడో రోజు: పేరు లేనివాళ్లు

71 ఆఖరి స్టాపు దాకా వెళ్లి, అక్కడ ఇంకో బస్సు ఎక్కి, ఆల్బర్న్ రేవులో దిగాను. దిగింది నేనొక్కదాన్నే. ఎదురుగా ఎత్తయిన ధాన్యం గాదెలు, బూడిదరంగు గోడలు, లారీలు. దారి తప్పానేమోననుకున్నాను. గాదెల వెనక నుంచి గట్టు ఎక్కితే, గట్టుకు అవతల పల్లంలో చెట్ల కింద నల్లటి ఇనప శిలువలు కనిపించాయి.

డాన్యూబు ఇక్కడ ఒకప్పుడు సుడి తిరిగేది. ఎగువన ఎక్కడ మునిగినవాళ్లయినా తేలేది ఇక్కడే. 1840 నుంచి వాళ్లను ఇక్కడే పూడ్చడం మొదలుపెట్టారు. అరవై ఏళ్లలో 478 మంది. ఆ పాత శ్మశానాన్ని వరదలు ముంచి ముంచి, ఇప్పుడు అడవి కప్పేసింది. నేను చూస్తున్న ఈ కొత్తది 1900లో మొదలైంది. 1940లో ఆఖరి ఖననం. 104 మంది. అందులో 43 మంది ఎవరో తర్వాత తెలిసింది. మిగతా 61 శిలువల మీదా ఒకే మాట: నామెన్‌లోస్. పేరు లేదు. రేవు కట్టాక ప్రవాహం దారి మారి శవాలు ఇటు రావడం మానేశాయి.

గోదావరి గట్టున పెరిగినదాన్ని. వరదల్లో రేవులోకి ఏమొస్తుందో చిన్నప్పుడే చూశాను. శవం కొట్టుకొస్తే పెద్దవాళ్లు మమ్మల్ని ఇంట్లోకి తోసి తలుపేసేవారు. పడవవాళ్లు వెదురుగడతో ఒడ్డుకు తెచ్చేవారు. ఆ తర్వాత ఏమయ్యేదో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇక్కడ నిలబడ్డాక మొదటిసారి అడగాలనిపించింది, అడగడానికి ఆ పెద్దవాళ్లు ఎవరూ లేరు.

నీళ్లలో దూకి చచ్చినవాళ్లకు ఆ కాలంలో చర్చి తోటల్లో చోటిచ్చేవారు కాదు. ఆ ఊరివాళ్లే, జాలరులే వీళ్లకు దిక్కయ్యారు. జోసెఫ్ ఫుక్స్ అనే ఆయన దశాబ్దాల పాటు జీతంబత్తెం లేకుండా ఈ సమాధుల్ని చూసుకున్నాడు. శిలువలన్నిటికీ నల్లరంగు, మీద క్రీస్తుకు వెండిరంగు. గట్టు మీద గుండ్రటి రాతి ప్రార్థనాలయం, 1935లో కట్టింది, తాళం వేసి ఉంది.

ఒక శిలువ మొదట్లో పిల్లల బొమ్మలు. రంగు వెలిసిన కుందేలు, ఒక చిన్న కారు, చక్రం ఊడింది. పేరు లేదు. బొమ్మల్లో ఒకటి మాత్రం కొత్తది, ఇంకా ధర చీటీ వేలాడుతోంది. ఎవరో ఈ వారంలోనే ఇక్కడిదాకా బస్సెక్కి వచ్చి, ఎవరో తెలియని బిడ్డకు బొమ్మ కొనిపెట్టి వెళ్లారు. నేను చేత్తో ఏమీ తీసుకుపోలేదు. పక్కన రాలిన ఆకులు కొన్ని తీసేసి వచ్చాను.

నవంబరు 1 తర్వాత వచ్చే ఆదివారం ఇక్కడి జాలరులు ఒక తెప్ప కట్టి, పూలదండలూ వెలిగించిన కొవ్వొత్తులూ పెట్టి, “డాన్యూబు బలిగొన్నవారికి” అని రాసి నదిలో వదులుతారట. ఆ రోజుకి మేం ఉండం. కార్తీకంలో మా రేవులో అరటిదొప్పల్లో దీపాలు వదిలేటప్పుడు అది ఎవరికోసమని మేమెప్పుడూ అనుకోలేదు. వదలాలి, వదిలేవాళ్లం.

తిరుగు బస్సు నలభై నిమిషాలకు గానీ రాలేదు. దారిలో గ్యాసోమీటర్లు చూశాను. 1899 నాటికి కట్టిన నాలుగు పెద్ద ఇటుకల గ్యాసు ట్యాంకులు, ఇప్పుడు లోపల ఫ్లాట్లు, కొట్లు. బయటి నుంచి బ్రహ్మాండం. లోపల మామూలు మాల్.

నాలుగో రోజు: బతికున్నవాళ్ల కోట, మాలర్, ఒక గ్లాసు ష్టుర్మ్

మార్పు కోసం ఉత్తరానికి వెళ్లాను. హైలిగెన్‌స్టాట్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా కార్ల్ మార్క్స్ హోఫ్. కోట బురుజుల్లాంటి ఎర్రటి గోపురాలు, కింద లారీ పట్టేంత తోరణాలు. 1.1 కిలోమీటర్ల పొడవున ఒకే భవనం. 1927లో మొదలుపెట్టి 1930లో పూర్తి చేశారు. కార్మికుల కోసం 1,382 ఇళ్లు. స్థలంలో ఐదో వంతు కూడా కట్టకుండా మిగతాదంతా తోటలకు వదిలారు. ఉమ్మడి చాకిరేవులు, స్నానశాలలు, పిల్లల బడులు. ధనికుల విలాసాల మీదా ఇళ్ల మీదా పన్ను వేసి ఆ డబ్బుతో 1934 లోపు నగరం 60,000కు పైగా ఇళ్లు కట్టించింది. 1934 ఫిబ్రవరిలో దేశ ప్రభుత్వపు సైన్యం ఈ ఇళ్ల మీద ఫిరంగులు పేల్చింది. నగరం ఒకరిది, దేశం ఇంకొకరిది అప్పుడు.

ఆ గుండ్లు తగిలిన గోడల కోసం వెతికాను, కనబడలేదు. కనబడిందల్లా ఒక బాల్కనీలో దుప్పటి దులుపుతున్న పెద్దావిడ. నేను తలెత్తి మరీ చూస్తుంటే ఆవిడ కూడా దులపడం ఆపి నన్ను చూసింది. ఆవిడకు చెయ్యూపి ముందుకు నడిచాను.

అక్కడి నుంచి 38ఏ బస్సులో గ్రింజింగ్. కొండవాలు, ద్రాక్షతోటలు, పసుపుపచ్చ గోడల ఇళ్లు. అక్కడి శ్మశానంలో గుస్తావ్ మాలర్ ఉన్నాడు, 1911లో పోయాడు. నిలువు రాయి, దాని మీద ఆయన పేరు తప్ప ఇంకేం లేదు. పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు, సంగీతకారుడని కూడా లేదు. నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడికి నేనెవరో తెలిసే ఉంటుంది, రానివాడికి తెలియక్కర్లేదు అన్నాడట. అదే గుంటలో ఆయనకంటే నాలుగేళ్ల ముందు పోయిన పెద్దకూతురు కూడా ఉంది. రాయి పైన యాత్రికులు పెట్టిన గులకరాళ్లు వరసగా ఉన్నాయి. సెయింట్ మార్క్స్‌లో ఆ “ఇంటి యజమాని భార్య” గుర్తొచ్చింది. ఆవిడ రాతి మీద సొంత పేరు ఉందా లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఫోటో తీసుకోవాల్సింది.

శ్మశానంలో ఆ సాయంత్రం సందడి. నవంబరు 1 దగ్గరపడుతోందని కుటుంబాలకు కుటుంబాలు వచ్చి సమాధులు కడుగుతున్నాయి. మన దగ్గర క్రైస్తవులు సమాధుల పండుగకు సున్నాలు వేసి పూలు పరిచినట్టే. ఆకుపచ్చ నీళ్లడబ్బాలు, చామంతి కుండీలు, ఎర్రగాజు దీపాలు. ఒక తాతగారు మనవడికి పళ్లు తోముకునే బ్రష్షు ఇచ్చి అక్షరాల సందుల్లో మట్టి తీయిస్తున్నాడు. వాడు ఒక్కో అక్షరం పైకి చదువుతూ తీస్తున్నాడు.

మా వారు ఆరు గంటలకు నేరుగా గ్రింజింగ్ వచ్చేశారు. పైన్ కొమ్మ వేలాడగట్టిన ఇంట్లోకి వెళ్లి కూచున్నాం. కొమ్మ వేలాడితే సొంత తోట ద్రాక్షసారా పోస్తున్నారని గుర్తు. అక్టోబరు గనక ష్టుర్మ్ ఇంకా దొరుకుతోంది, అంటే సగం పులిసిన ద్రాక్షరసం. సీసా మూత గట్టిగా బిగిస్తే పేలుతుందట. మా వారు ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, “ఇది మన కల్లేనే” అన్నారు. కోనసీమ మనిషి, ఆయన మాట నమ్మాలి. నేను ద్రాక్షరసంతో సరిపెట్టుకున్నాను. వాసన మాత్రం నిజంగానే తాటితోపుదే.

ఐదో రోజు: ఖాళీ సమాధులు

విమానం సాయంత్రం. పొద్దున రెండు గంటలు చేతిలో ఉంటే వేరింగ్ వెళ్లాను. 1888లో బీతోవెన్‌నీ షూబెర్ట్‌నీ తవ్వుకుపోయిన పాత శ్మశానం ఇప్పుడు షూబెర్ట్ పార్కు. మనుషుల్ని తీసుకుపోయారు గానీ, అసలు రాళ్లను ఇక్కడే వదిలేశారు. సెంట్రల్‌లో జనం ఫోటోలు దిగే బీతోవెన్ శిఖరం దీన్ని చూసి చేసిన నకలు.

1827లో బీతోవెన్ శవయాత్రలో షూబెర్ట్ కాగడా పట్టుకుని నడిచాడు. మరుసటి ఏడే, 31 ఏళ్లకే తనూ పోయి ఆయనకు దగ్గర్లో చేరాడు. ఇద్దరి రాళ్లూ ఒక గోడ వారగా ఉన్నాయి. ఇవతల పిల్లలు ఆడుకునే చోటు, జారుడుబల్ల. బంతి ఒకటి దొర్లుకుంటూ షూబెర్ట్ దాకా వెళ్లింది. ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి తీసుకుని, ఆయన వంక చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది.

రాజమండ్రి వచ్చిన నాలుగో రోజు కార్తీక సోమవారం. అత్తయ్యగారు అభిషేకానికి అన్నీ సర్దుకుని, “అమ్మాయ్, తేనె అయిపోయింది. నువ్వేదో సీసా తెచ్చావటగా, అది పట్రా” అని కేకేశారు.

పట్టుకెళ్లి ఆవిడ చేతికివ్వకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఐదు రోజులు తలస్నానం చేయించిన మనిషి, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఏ తోటలో తేనో చెప్పాను.

ఆవిడ సీసా తీసుకుని, వెలుతురుకేసి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశారు. లింగం వంక చూశారు.

“ఆయనుండేదే అక్కడ కదే” అన్నారు. “ఈ మూత తియ్యి, నా వల్ల కావట్లేదు.”